కారణం: సొంత పని

"మొదటి పేరు నీదేనా, కాదా? ముందు అది చెప్పు," అంది అత్తగారు.

పెద్దకోడలు ఇంకా చెప్పులు విప్పలేదు. లాండ్రీలో పొద్దుటి షిఫ్టు ముగించుకుని వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. భుజాన సంచి, చేతిలో ఖాళీ క్యారియరు, ఒంటి నిండా సబ్బు వాసన. ముందుగదిలో ఎవరి మూల వాళ్ళు చూసుకుని కూర్చున్నారు. మధ్యలో బల్ల మీద చింపిన కవరు, దాని పక్కన ఒక కాగితం, అది ఎగిరిపోకుండా పైన మంచినీళ్ళ గ్లాసు.

"ఏం పేరు అత్తయ్యా?"

"ఏమీ ఎరగనట్టు అడుగుతోంది చూడరా! రేపు పదకొండింటికి చిన్నదాని కేసు విచారణ. లాండ్రీ వాళ్ళ తరఫున సాక్ష్యం చెప్పేవాళ్ళ జాబితా వచ్చింది. నలుగురి పేర్లు. మొదటి పేరు ఈ ఇంటి పెద్దకోడలిది!"

భర్త సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ చొక్కా గుండీలు విప్పుకుని గోడకి ఆనుకుని ఉన్నాడు. "నాతో ఒక్క ముక్క చెప్పి ఉండొచ్చు కదా," అన్నాడు. కోపంగా కాదు, అలిసిపోయినట్టు.

"చెప్పే సందు ఎక్కడుంది ఈ ఇంట్లో? పొద్దున లేస్తే వకీలమ్మ. సాయంత్రమైతే పేపరు వాళ్ళు. మధ్యలో పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు. నేను నోరు తెరిస్తే వినడానికి ఎవరికి తీరికుంది?"

"వింటున్నాం కదా ఇప్పుడు. చెప్పు," అంది అత్తగారు.

పెద్దకోడలు చెప్పులు విప్పి, ఒకదాని పక్కన ఒకటి తిన్నగా పెట్టి, నిదానంగా లోపలికి వచ్చింది. కిటికీ దగ్గర చాప మీద చిన్నకోడలు ఏదో చినిగిన లంగా కుడుతోంది. తలెత్తలేదు. దాని మొగుడు, అంటే మరిది, వదినగారి వైపు చూడకుండా గోళ్ళు చూసుకుంటున్నాడు.

"మేనేజరు పిలిచి ఒక కాగితం ఇచ్చాడు. సంతకం పెట్టమన్నాడు. పెట్టాను."

"ఏం రాసుందట అందులో?"

"ఈ పదకొండేళ్ళలో డ్యూటీ టైములో ప్రార్థన కోసం బయటికి వెళ్ళినవాళ్ళు ఎవరూ లేరని. రోలరు దగ్గర ఒక్క మనిషి తగ్గినా లైను ఆగిపోతుందని."

చిన్నకోడలి సూది ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

అత్తగారు మాత్రం ఒంటికాలి మీద లేచింది. "అది మూడు నెలల నుంచీ ఉద్యోగం పోగొట్టుకుని ఇంట్లో కూర్చుంది. దేనికోసం? వారానికి ఒక్క గంట దేవుడి ముందు కూర్చుంటానన్నందుకు! కాగితం రాసిచ్చిన నాలుగో రోజు గెంటేశారు. నువ్వు వెళ్ళి వాళ్ళ పక్కన నిలబడతావా? అయినా నీకు ప్రార్థన విలువ ఏం తెలుస్తుందిలే! పదకొండేళ్ళయింది నువ్వు వారం ప్రార్థనకి వెళ్ళి. ఉద్యోగం, ఉద్యోగం అని దేవుడి గడప తొక్కడం మానేసినదానివి."

పెద్దకోడలికి చెవులు వేడెక్కాయి. నోటి దాకా వచ్చిన మాట ఒకటుంది. పదకొండేళ్ళుగా అది అలా నోటి దాకా రావడం, ఆమె దాన్ని గుటక వేసి మింగెయ్యడం అలవాటే. ఇవాళా మింగింది. కాకపోతే ఇవాళ మింగుడు పడలేదు.

"అవునత్తయ్యా. నాకేం తెలుసు," అని క్యారియరు కడగడానికి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

* * *

తెలుసు. ఆ ఇంట్లో అందరికంటే ఆమెకే ఎక్కువ తెలుసు.

ఆ లాండ్రీకి ఊళ్ళోని ఆసుపత్రుల దుప్పట్లు వస్తాయి. ఉతికి, ఆరబెట్టిన దుప్పటిని కాలే రోలరు కింద పెడతారు. ఇవతల ఇద్దరు అంచు అందిస్తే అవతల ఇద్దరు అంచు పట్టుకుని మడత వేస్తారు. ఆ నలుగురిలో ఒకరు పక్కకి వెళ్ళాలంటే ఇంకొకరు వచ్చి నిలబడాలి. అందుకోసం మార్పు చీటీ అని ఒకటుంది. ఎవరి బదులు ఎవరు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, కారణం ఏమిటి, మూడూ రాసి షిఫ్టు ఇన్‌ఛార్జి సంతకం తీసుకోవాలి. అసలు చీటీ ఆఫీసుకి, కార్బను కాపీ మనిషికి.

చేరిన కొత్తలో పెద్దకోడలు మొదటి చీటీలో కారణం దగ్గర 'ప్రార్థన' అని రాసింది. అప్పటి ఇన్‌ఛార్జి పెద్దాయన కళ్ళజోడు పైకి నెట్టి చదివి, ఆ మాట కొట్టేసి, పక్కన తన చేత్తో 'సొంత పని' అని రాశాడు. "ఇలాగే రాస్తూ ఉండమ్మా, నేను సంతకం పెడుతూ ఉంటాను. పైవాళ్ళకి ఆ మాట పడదు. నీ నీడకి కూడా చెప్పకు," అన్నాడు. ఆయన రిటైరయ్యాక వచ్చినవాళ్ళు పాత అలవాటని అడక్కుండానే సంతకాలు పెట్టారు.

వారం వారం ఆ గంట జడక్క ఆమె చోట నిలబడేది. జడక్కది వేరే మతం. మోకాళ్ళ దాకా జడ, నోటి నిండా నవ్వు. మంచాన ఉన్న తల్లిని చూసుకోవడానికి జడక్క గురువారాలు గంట ముందు వెళ్తే, ఆమె చోట పెద్దకోడలు నిలబడేది. ఒక్క వారం రోలరు ఆగలేదు.

లాండ్రీ వెనక రెండు వీధుల అవతల రంగు వెలిసిన చిన్న ప్రార్థన మందిరం ఉంది. ఆడవాళ్ళ వైపు మూడో కిటికీ కింద ఆమె చోటు. అక్కడ ఆమెని ఎవరూ పెద్దకోడలా అని పిలవరు. నీళ్ళు పట్టావా, బియ్యం కడిగావా అని అడగరు. మొదట్లో ఇన్‌ఛార్జి చెప్పొద్దన్నాడని ఇంట్లో చెప్పలేదు. తరవాత తరవాత చెప్పబుద్ధి కాలేదు. ఆమెకంటూ ఉన్నది అదొక్క గంటే.

పోయినేడాది చిన్నకోడలు అదే లాండ్రీలో మేడ మీద కుట్టు గదిలో చేరింది. చినిగిన దుప్పట్లకి మాసికలు వెయ్యడం పని. అక్కడా అదే మార్పు చీటీ పద్ధతి. చేరిన నెలకే మేనేజరు, "మీ తోడికోడలి చేతిలో మెషీను ఉందండీ," అన్నాడు. పదేళ్ళలో పెద్దకోడలి చేతిలో ఏముందో ఎవరూ చెప్పలేదు.

ఒకరోజు బస్సులో చిన్నకోడలు మెల్లిగా అడిగింది. "అక్కా, వారానికి ఒక్క గంట దొరికే దారి ఏమైనా ఉందా? ప్రార్థనకి వెళ్ళక మనసంతా అదోలా ఉంటోంది."

పెద్దకోడలికి కళ్ళముందు మూడో కిటికీ కనబడింది. దాని పక్కన ఈ చిన్నది కూర్చుని ఉంటుంది. దీని గొంతు బాగుంటుంది. వారం తిరక్కుండానే అందరూ దీని చుట్టూ చేరతారు. "అక్కని నేనే తీసుకొచ్చాను," అన్నట్టు కూర్చుంటుంది.

"లేదు," అంది. "అడగడం కూడా దండగ."

చిన్నది ఏడాది ఓపిక పట్టింది. మూడు నెలల కిందట ఎవరినీ అడక్కుండా, దొంగచాటు లేకుండా, తెల్లకాగితం మీద రాసి మేనేజరు చేతికే ఇచ్చింది. ఉద్యోగం ఊడింది. పేరొచ్చింది.

ఆ పేరే పెద్దకోడలి కడుపులో కుంపటి పెట్టింది. పేపర్లో ఫోటో. వీధి వీధంతా పలకరింపులు. అత్తగారు చిన్నదానికి మంచినీళ్ళు తెచ్చివ్వడం! పదకొండేళ్ళు ఒక్క వారం తప్పకుండా దేవుడి ముందు కూర్చున్నది భక్తి లేనిది. ఒక్క వారం కూడా వెళ్ళలేకపోయినది మహాభక్తురాలు. ఇదెక్కడి న్యాయం?

చెబితే న్యాయం జరుగుతుంది. కానీ చెబితే, "మరి దానికెందుకు చెప్పలేదే?" అని అడుగుతారు. అందుకే మేనేజరు కాగితం చాపి, "హాలు ఇన్‌ఛార్జి పోస్టు ఖాళీ అవుతోంది," అన్నప్పుడు ఆమె పోస్టు గురించి ఆలోచించలేదు. ఈ సంతకంతో ఆ గంట సంగతి శాశ్వతంగా పాతేయొచ్చనుకుంది. పాతేసిన చోటే నిలబడి రేపు ప్రమాణం చెయ్యాల్సి వస్తుందని తోచలేదు.

* * *

అయిదింటికి వకీలమ్మ వచ్చింది. ఎప్పటిలాగే ఫైళ్ళు బల్ల మీద పడేసి, చిన్నకోడలి పక్కన చాప మీదే కూర్చుంది.

"చట్టం మనవైపే ఉంది," అంది. "మతం కారణంగా ఉద్యోగంలోంచి తీసెయ్యకూడదు. ప్రార్థనకి వీలు కల్పించమని అడిగితే, పనికి పెద్ద ఇబ్బంది లేనంత వరకు కల్పించాలి. ఇబ్బంది ఉందంటే అది వాళ్ళు రుజువు చేసుకోవాలి."

"మరింకేం?" అన్నాడు డ్రైవరు.

"రుజువు చేసుకుంటున్నారు కదండీ, మీ ఇంటావిడ సంతకంతో!"

పెద్దకోడలు టీ గ్లాసులు తెచ్చి ఒక్కొక్కటే కింద పెట్టింది.

వకీలమ్మ ఆమె వైపు తిరిగింది. గొంతు తగ్గించి అంది. "మీ మీద నాకు కోపం లేదమ్మా. ఉద్యోగం భయం ఎవరికైనా ఉంటుంది. కానీ సాక్ష్యం చెప్పినందుకు ఎవరినీ తీసెయ్యకూడదని కూడా అదే చట్టంలో ఉంది. ఎవరైనా ఒక్కసారి, ఒకే ఒక్కసారి అలా వెళ్ళొచ్చారని తెలిస్తే చాలు. మనం గెలిచినట్టే. మీకేమైనా తెలుసా?"

"చట్టంలో ఉంటుందమ్మా," అంది పెద్దకోడలు. "మరునాడు రోలరు దగ్గరికి వచ్చి నిలబడేది మాత్రం మేనేజరే."

"దానికేం తెలుస్తుంది!" అంది అత్తగారు. "చిన్నమ్మాయి కాబట్టి తెగించింది. ఆ గుండె అందరికీ ఉంటుందా?"

వకీలమ్మ చిన్నకోడలి భుజం మీద చెయ్యి వేసి నవ్వింది. మరిది నవ్వాడు. చివరికి డ్రైవరు కూడా, పెళ్ళాం చూడటం లేదనుకుని, నవ్వాడు.

పెద్దకోడలు చూసింది. ఖాళీ ట్రే చంకన పెట్టుకుని మేడ మెట్లెక్కింది. పైన ఉతికిన దుప్పట్లు ఆరి ఉన్నాయి. అక్కడైతే కళ్ళు తుడుచుకోవడానికి చాలా గుడ్డ ఉంటుంది.

* * *

రెండు నిమిషాలకి చిన్నకోడలు కూడా పైకి వచ్చింది. దుప్పటి అవతలి అంచు పట్టుకుంది. ఇద్దరూ లాండ్రీ మనుషులే కాబట్టి మాట అక్కర్లేదు. లాగారు, దులిపారు, సగానికి మడిచారు. అంచులు కలపడానికి దగ్గరికి వచ్చినప్పుడల్లా ఇద్దరి వేళ్ళూ తగులుతున్నాయి.

"నా మీద కోపమా అక్కా?"

"నాకెందుకు కోపం?"

"మూడు నెలల నుంచి నాతో సరిగ్గా మాట్లాడలేదు."

"నీతో మాట్లాడేవాళ్ళు బోలెడంతమంది ఉన్నారుగా! పేపరు వాళ్ళే ఉన్నారు."

చిన్నకోడలు ఇంకో దుప్పటి అందుకుంది.

"నీకెప్పుడూ వెళ్ళాలనిపించలేదా అక్కా? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా?"

పెద్దకోడలి చేతిలోంచి అంచు జారింది. వంగి తీసుకుంది. కావాలనే కొంచెం ఆలస్యంగా లేచింది.

"అనిపించినవన్నీ చేస్తే ఇల్లు గడుస్తుందా?"

"అదే. నీకు ఇంటి బరువు ఉంది. నాకు అది అర్థమవుతుంది," అంది చిన్నది. జాలి నిండిన ఆ గొంతు పెద్దకోడలికి ఒళ్ళు మండించింది. తిట్టినా బాగుండేది.

ఏడు దుప్పట్లు దొంతరగా పేరిస్తే చిన్నకోడలి గడ్డం దాకా వచ్చాయి. కిందనుంచి అత్తగారి కేక. "పెద్దదానా, వకీలమ్మ వెళ్తోంది!"

"నువ్వు వెళ్ళక్కా. ఇవి నీ బీరువాలో నేను పెట్టేస్తాను."

పెద్దకోడలు మూడు మెట్లు దిగి ఆగింది. బీరువా అడుగు అరలో, పాత దుప్పటి కింద, ఇటుకంత మందాన కార్బను చీటీల కట్ట ఉంది. దుప్పటి అంచు చింపిన పీలికతో కట్టి ఉంది. ఎన్నో ఏళ్ళ పీలిక, మధ్యలో సగం చిరిగి రెండు దారాల మీద వేలాడుతోంది. చిన్నది దొంతర పై అరలో పెడుతుంది. అడుగు అర దాకా ఎందుకు వంగుతుందిలే అనుకుని మిగతా మెట్లు దిగింది.

* * *

పొద్దున అయిదున్నరకి ఇంట్లో ఇంకా ఎవరూ లేవలేదు. పెద్దకోడలు బీరువాలో చెయ్యి పెట్టి, తడిమి, చీటీల కట్ట తీసి చూడకుండానే సంచి అడుగున కుక్కింది. లాండ్రీలో బాయిలరు పొద్దుటే మండుతూ ఉంటుంది. అందులో పడేస్తే రెండు నిమిషాల పని.

ఎవరూ లేవలేదనుకున్నది తప్పు. వంటింటి గుమ్మంలో చిన్నకోడలు క్యారియరు పట్టుకుని నిలబడి ఉంది. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నేను కట్టాను అక్కా. ఇవాళ నీకు తినడానికి టైము ఉంటుందో లేదో."

"ఎందుకు శ్రమ?"

"అక్కా," అంది చిన్నది, క్యారియరు అందిస్తూ. ఒక్క క్షణం చెయ్యి వదల్లేదు. "భయపడి చేసినదాన్ని ఎవరూ తప్పు పట్టరు. నేనైతే అసలు పట్టను."

సంతకం గురించి అంటోందనుకుంది పెద్దకోడలు. పొద్దుటే మొదలెట్టింది పెద్దరికం అని పళ్ళు కొరుక్కుంటూ బయటపడింది.

బాయిలరు గది తలుపు దగ్గర ఆమె రెండుసార్లు నిలబడింది. రెండుసార్లూ వెనక్కి వచ్చేసింది. తొమ్మిదింటికి రోలరు దగ్గర దుప్పటి అంచు అందుకుంటూ జడక్క అడిగింది.

"ఇవాళ బాయిలరు మీద ప్రేమ పుట్టిందేంటి నీకు?"

పెద్దకోడలు అంచు సరిచేసుకుంది. జడక్క ఆమె సంచి వైపు చూసింది.

"చీటీలు తెచ్చావా?"

"నీ పేరు ఉంది వాటిలో."

"ఉంటే ఉండనీ. నీ బదులు నిలబడ్డాను, దొంగతనం చెయ్యలేదు." జడక్క మడత వేసి పక్కన పెట్టింది. ఆమె ముఖంలో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు. "ఆ పిల్లకి నువ్వే చెప్పి ఉంటావనుకున్నానే, ఇన్నాళ్ళూ. కాగితం ఇచ్చిందని తెలిసిన రోజు నాకు తిండి సహించలేదు. ఇంట్లోనే ఉన్నావు కదా, ఎందుకు చెప్పలేదు?"

అవతల అందించేవాళ్ళు తరవాతి దుప్పటి పెట్టేశారు. వేడి అంచు ముందుకు వచ్చింది. పెద్దకోడలు దాన్ని పట్టుకుని మడత వేసింది.

* * *

విచారణ గది రెండో అంతస్తులో. పొడుగు బల్ల, దాని వెనక కార్మిక అధికారి, పక్కన టైపు చేసే ఆమె, ఎదురుగా వకీలమ్మ, కంపెనీ వకీలు. గోడవార కుర్చీల్లో అత్తగారు, చిన్నకోడలు, డ్రైవరు వరసగా కూర్చున్నారు. అత్తగారు చిన్నదాని చెయ్యి పట్టుకునే ఉంది. మేనేజరు ఇవతలి వరసలో కూర్చుని పెద్దకోడలి వైపు చూసి మర్యాదగా తల ఊపాడు.

నిజమే చెబుతానని ప్రమాణం చేయించారు. కంపెనీ వకీలు లేచాడు. సన్నటి మనిషి, మెత్తటి గొంతు.

"ఈ సంతకం మీదేనా అమ్మా?"

"నాదేనండి."

"పదకొండేళ్ళలో ప్రార్థన కోసం డ్యూటీ మధ్యలో బయటికి వెళ్ళినవాళ్ళు లేరని మీరు రాసిచ్చారు. అది నిజమేనా?"

ఒక్క మాట. 'నిజమేనండి' అంటే అయిపోతుంది. పెద్దకోడలికి మెడ మీద చెమట పట్టింది. తుడుచుకోవడానికి రుమాలు కోసం సంచిలో చెయ్యి పెట్టింది. చీటీల కట్ట అడ్డం వచ్చింది. పక్కకి జరపబోయి, దాని వైపు చూసి, అలా చూస్తూ ఉండిపోయింది.

పీలిక చిరిగి లేదు.

రెండు దారాల మీద వేలాడాల్సిన చోట మాసిక ఉంది. సన్నటి, సమానమైన, చీమ నడిచినట్టున్న కుట్లు. ఆ కుట్టు ఆ ఇంట్లో చిన్నదానికే వచ్చు.

చూసింది. చదివింది. పదకొండేళ్ళ చీటీలు, 'ప్రార్థన' కొట్టేసిన మొదటి చీటీతో సహా. వకీలమ్మకి ఇవ్వలేదు. అత్తగారికి చూపించలేదు. తన కేసు గెలిపించే కట్టని చేతిలో పట్టుకుని కూడా, చిరిగినచోట కుట్టి, ఉన్నచోటే పెట్టేసింది. 'భయపడి చేసినదాన్ని ఎవరూ తప్పు పట్టరు' అన్నది సంతకం గురించి కాదు.

పెద్దకోడలికి ముందు సిగ్గు వెయ్యలేదు. ముందు వేసింది కుళ్ళే. దీంట్లో కూడా ఇదే గెలిచింది! మంచితనంలో కూడా నన్ను వెనకే నిలబెట్టింది! ఆ కుళ్ళుతోనే ఆమె తల ఎత్తింది.

"నిజం కాదండి."

మేనేజరు కుర్చీ కిర్రుమంది.

"మరోసారి ఆలోచించుకుని చెప్పండి," అన్నాడు కంపెనీ వకీలు.

"ఆలోచించే చెబుతున్నాను. ఒకరు వెళ్ళేవారు. ప్రతి వారం. ఒక్క వారం కూడా రోలరు ఆగలేదు."

"ఎవరు?"

"నేను."

అత్తగారి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. పెద్దకోడలు కట్ట తీసి అధికారి ముందు పెట్టింది. విప్పేటప్పుడు మాసిక తెగకుండా జాగ్రత్తగా ముడి లాగింది. అధికారి ఒక్కొక్క చీటీ తిరగేశారు. అన్నీ ప్రార్థన రోజులే. అన్నీ అదే గంట. అన్నిటి మీదా ఇన్‌ఛార్జి సంతకం. మొదటి చీటీ దగ్గర ఆగి, కొట్టేసిన మాటని వెలుతురుకి పెట్టి చదివారు. వకీలమ్మ లేచి నిలబడి మళ్ళీ కూర్చుంది.

కంపెనీ వకీలు మాత్రం కంగారు పడలేదు. ఒక గుక్క మంచినీళ్ళు తాగి, ఇంకా మెత్తగా అడిగాడు.

"మీరూ, కేసు వేసిన ఆవిడా తోడికోడళ్ళు. ఒకే ఇల్లు, ఒకే లాండ్రీ. అవునా?"

"అవునండి."

"ఇంత సులువైన దారి ఉందని మీరు ఆవిడకి ఎప్పుడైనా చెప్పారా?"

"లేదండి."

"ఆవిడ అడగలేదా?"

"అడిగింది. లేదన్నాను."

"చూడండి సార్," అని అతను అధికారి వైపు తిరిగాడు. "సొంత ఇంటి మనిషి, ఉద్యోగం పోయేంత పని జరుగుతుంటే నోరు మూసుకున్నారట. నమ్మేలా ఉందా? ఈ చీటీలు ఈ కేసు కోసం నిన్నో మొన్నో పుట్టినవి. కాదంటే ఎందుకు చెప్పలేదో కారణం చెప్పమనండి."

అధికారి కలం కింద పెట్టారు. "చెప్పండమ్మా. ఎందుకు చెప్పలేదు?"

వకీలమ్మ మెల్లిగా అందించింది. "భయం వల్లనేనా అమ్మా? ఉద్యోగం పోతుందని?"

ఆ మాట ఎంత సుఖంగా ఉందో! రాత్రి కుట్టి, పొద్దున క్యారియరుతో పాటు చేతికిచ్చిన మాట. తీసుకుంటే అందరూ అయ్యో అంటారు. చిన్నది ఇప్పటికే క్షమించేసింది. గోడవార కుర్చీలోంచి ఆ కళ్ళు ఆమెనే చూస్తున్నాయి. ఒప్పుకో అక్కా అన్నట్టే ఉన్నాయి.

దాని దగ్గర ఇది కూడా తీసుకోవాలా, అనుకుంది పెద్దకోడలు.

"భయం కాదండి. సంతకాలు పెట్టేవాళ్ళు ఉండగా నాకేం భయం? కుళ్ళు."

టైపు చేసే ఆమె వేళ్ళు ఆగిపోయాయి. "ఏమన్నారండీ?"

"కుళ్ళు. అదొస్తే నా పక్కన కూర్చుంటుంది. దాని గొంతు బాగుంటుంది. అందరూ దాన్నే చూస్తారు. ఇంట్లో అన్నీ దానివే. ఆ గంట ఒక్కటీ నాదే ఉండాలనుకున్నాను." ఆమె చీటీల వైపు చెయ్యి చూపింది. "కారణం అడిగారు కదండీ. పదకొండేళ్ళు అబద్ధం కారణం రాశాను. ఇది నిజం. రాసుకోండి."

అధికారి ఆ చీటీల వైపు, ఆ మనిషి వైపు మార్చి మార్చి చూశారు. "నమోదు చేయండి," అన్నారు. "ఈ చీటీలు కూడా."

కంపెనీ వకీలు కూర్చుండిపోయాడు. వకీలమ్మ ముఖం వెలిగింది. కేసు ఎటు తిరిగిందో అక్కడ అందరికీ అర్థమైంది.

పెద్దకోడలు బల్ల మీద మిగిలిన పీలికని వేలికి చుట్టుకుని, అప్పటికి ధైర్యం చేసి, గోడవార కుర్చీల వైపు చూసింది.

డ్రైవరు తల వంచుకుని ఉన్నాడు. అత్తగారు అరచెయ్యి తెరిచి ఒళ్ళో పెట్టుకుని, దాన్నే చూసుకుంటోంది. ఇందాకటి దాకా ఆ చేతిలో ఉన్న చెయ్యి లేదు. ఇద్దరి మధ్య కుర్చీ ఖాళీగా ఉంది. వరండాలో మెట్లు దిగుతున్న చెప్పుల చప్పుడు దూరమవుతోంది.